పదకొండు తెల్ల చుక్కలు

గురజాల దాటి మాచర్ల వైపు పోయే దారిలో, ఒక టీ కొట్టు ముందు బానెట్ ఎత్తి నిలబెట్టిన కారులో నా ఫిల్టరు కనిపించింది.

టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఊరికే అటు నడిచాను. బానెట్ ఎత్తి ఉంటే లోపలికి తొంగిచూడటం మా జిల్లాలో మగవాళ్లందరికీ ఉన్న అలవాటే. పెద్ద తెల్ల కారు. దాని డ్రైవరు, నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు, సీసాతో రేడియేటరులో నీళ్లు పోస్తున్నాడు. ఇంజను పక్కన గాలి పీల్చే గొట్టం మూతికి ఎర్రటి నూలు ఫిల్టరు బిగించి ఉంది, గరాటును బోర్లించినట్టు. దాని రబ్బరు అంచు మీద వరసగా తెల్ల చుక్కలు. లెక్కపెట్టాను. పదకొండు. ఆరో చుక్క కింద అడ్డంగా ఒక గీత ఉంది. ఒకసారి అది నా చేతిలోంచి జారి గచ్చు మీద పడి అంచు చీలితే నేనే జిగురు పెట్టి అతికించాను. ఆ అతుకే ఆ గీత.

"ఏంది సార్, అట్టా చూస్తన్నారు? బండి కొంటారా ఏంది?" అన్నాడు డ్రైవరు.

"ఈ ఫిల్టరు యాడ తెచ్చారయ్యా?"

"పిడుగురాళ్ల మెకానిక్కు పెట్టాడు సార్. చానా మంచి సరుకంట. మా పెద్దాయన కోసమని ప్రత్యేకంగా తెప్పించాడంట."

"ఎప్పుడు?"

"నిరుడు మామిడికాయలప్పుడు. ఏం, మీక్కూడా కావాలా? చెప్పమంటారా ఆయనకి?"

"వద్దులే. ఆ చుక్కలేంది?"

అతను వంగి చూసి, మొదటిసారి చూసినట్టు తల గోక్కున్నాడు. "ఏమో సార్. కంపెనీవాళ్లు పెట్టుంటారు. నెంబరు లాంటిదేమో."

టీ తాగలేదు. గ్లాసు అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేశాను. నరసరావుపేటలో మా ఇంట్లో, అలమర పైఅరలో, ఒక అట్టపెట్టెలో, పదకొండు తెల్ల చుక్కలున్న ఎర్ర ఫిల్టరు ఇంకొకటి ఉంది. నా ఫిల్టరు అదేనని ఎనిమిది నెలలుగా అనుకుంటున్నాను. అది నా వల్లే పాడైందని కూడా.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు మా దుమ్ము గురించి చెప్పాలి. ముప్పయ్యేళ్లకు పైగా నేను ఒక దినపత్రికకు ఈ ప్రాంతం వార్తలు రాశాను. మొదట స్కూటరు మీద, తర్వాత పాత కారులో, ఆ తర్వాత ఇప్పుడున్న డీజిల్ కారులో. నకరికల్లు దాటేదాకా మామూలు దుమ్మే. పిడుగురాళ్ల దగ్గరికొచ్చేసరికి దాని రంగు మారుతుంది. సున్నపురాయి గనులు, బట్టీలు, వాటి చుట్టూ తిరిగే లారీలు. చెట్ల ఆకులు తెల్లగా, కొట్ల రేకులు తెల్లగా, మధ్యాహ్నం రోడ్డు పక్కన పడుకున్న కుక్కలు కూడా తెల్లగా ఉంటాయి. కారుతోపాటు కంపెనీ ఇచ్చే కాగితం ఫిల్టరు ఈ దుమ్ములో తొందరగా మూసుకుపోతుంది. ఇంజనుకు గాలి అందదు, బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఎగశ్వాస తీస్తుంది.

ఆ కాగితం తీసేసి నూలు ఫిల్టరు పెట్టింది పిడుగురాళ్ల శివార్లలో షెడ్డున్న మెకానిక్కు. నాకంటే పదేళ్లు చిన్న. అతనితో నా పరిచయం ఒక లారీ ప్రమాదంతో మొదలైంది. లారీ అదుపు తప్పి ఒక ఇంటి గోడను గుద్దింది. బ్రేకు ఫెయిలైందని రాయమని యజమాని మనుషులు నా చుట్టూ మూగారు. అదే లారీకి అంతకుముందు రోజు పని చేసిన ఈ కుర్రాణ్ణి పక్కకు పిలిచి అడిగాను. యజమాని చూస్తుండగానే, "బ్రేకు బాగానే ఉందన్నా. నేనే బిగించా. మీరేం రాసుకుంటారో మీ ఇష్టం," అన్నాడు. ఆ యజమాని మళ్లీ అతని దగ్గరికి బండి పంపలేదు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఇంకొకరి దగ్గరికి బండి తీసుకెళ్లలేదు. యంత్రాల గురించి ఏ వార్త రాసినా ముందు అతన్ని అడిగేవాణ్ణి. అతను అవునంటే రాసేవాణ్ణి.

ఆదివారం ప్రార్థన అయిపోయాక అతను ఒక రెండు గంటలు షెడ్డు తీసేవాడు. పని కోసం కాదు, నాలాంటివాళ్లు వచ్చి కూర్చోవడానికి. ఫిల్టరు కడగడం అలాంటి ఒక ఆదివారమే నేర్పాడు.

"చూడన్నా, ఇది మడతల మధ్య నూలు. నూనెకి దుమ్ము అంటుకుంటది, గాలి పోతది. అంతే దీని కథ. కడగటం మాత్రం మన దగ్గర వేరే."

ఆ వేరే ఏమిటో పిడుగురాళ్లలో పుట్టినవాడికే తెలుస్తుంది. ఇంకెక్కడైనా ఫిల్టరు మురికైతే సబ్బునీళ్లు పోసి నానబెడతారు. ఇక్కడ అలా చేస్తే మడతల్లో ఉన్న సున్నం తడిసి, ఆరాక గోడకు కొట్టిన వెల్ల లాగా గట్టిపడుతుంది. నూలు పెళుసెక్కి పగులుతుంది. ఆ పగుళ్లలోంచి దుమ్ము నేరుగా ఇంజనులోకి పోతుంది. అందుకని ముందు పొడిగా దులపాలి. కంప్రెసరు గాలి కొట్టకూడదు, నూలు చిరుగుతుంది. అంచును అరచేతికేసి మెల్లగా తట్టాలి, మెత్తటి కుంచెతో ఒక్కో మడతా తుడవాలి. కింద పరిచిన నల్లగుడ్డ మీద తెల్లపొడి రాలడం ఆగిపోయేదాకా తుడుస్తూనే ఉండాలి. నీళ్లు ఆ తర్వాతే. అవి కూడా లోపలినుంచి బయటికి, సన్నటి ధారగా. నీడన ఒక పగలంతా ఆరనివ్వాలి. ఎండలో పెట్టకూడదు. ఆరాక మడత వెంబడి నూనె, కొద్దికొద్దిగా. కాసేపాగి చూస్తే ఎక్కడ ఎరుపు అందలేదో తెలుస్తుంది. అక్కడ ఇంకో చుక్క. నూనె ఎక్కువైనా తప్పే, గాలిని కొలిచే సెన్సరు పాడవుతుంది.

ఆ పని నాకు నచ్చింది. ముప్పయ్యేళ్లు సాయంత్రానికల్లా వార్త పంపాలని పరుగులు పెట్టినవాణ్ణి. ఒక పగలంతా ఒక వస్తువు ఆరడం కోసం ఎదురుచూడటం కొత్తగా ఉండేది. కడిగిన ప్రతిసారీ అగ్గిపుల్ల తెల్ల రంగులో ముంచి అంచు మీద ఒక చుక్క పెట్టేవాణ్ణి, ఎన్నిసార్లు కడిగానో మరిచిపోకుండా. మెకానిక్కు దాన్ని చూసి నవ్వేవాడు.

"ఏందన్నా, పెళ్లికూతురి బుగ్గకి పెట్టినట్టు పెడతన్నావ్. దిష్టి తగలకుండానా?"

మా మధ్య ఒక మాట ఉండేది. ఫిల్టరు నేను తప్ప ఇంకెవరూ కడగకూడదు. బండిలో మిగిలినదేదీ అతను తప్ప ఇంకెవరూ ముట్టకూడదు.

పదకొండోసారి కడిగే నాటికి నా కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఏది చూసినా పాలపొరలోంచి చూసినట్టు ఉండేది. నిరుడు ఎండాకాలంలో ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్లకూ ఆపరేషను చేశారు. వంగొద్దు, దుమ్ములోకి పోవద్దు, సబ్బునీళ్లు కంటికి తగలనివ్వొద్దు అన్నారు. బండి ఊరికే నిలబెడితే పాడవుతుందని, చిన్నాచితకా పనులు కూడా చేయించినట్టు ఉంటుందని, దాన్ని మెకానిక్కు షెడ్డులో వదిలాను. నెలన్నర అక్కడే ఉంది. అతనే వారానికోసారి తిప్పేవాడు. తిరిగి తెచ్చుకున్నాక బాగానే నడిచింది. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల, ఎప్పటి తిరుగుడే. వానలు మొదలయ్యేసరికి లాగడం తగ్గింది. తర్వాత నీలం పొగ. మెకానిక్కు దగ్గర రెండు రోజులు వదిలితే, ఇంజను విప్పాలి, తన వల్ల కాదు, గుంటూరు తీసుకెళ్లమన్నాడు. గుంటూరులో విప్పి చూసినవాళ్లు దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగులు అరిగాయని, టర్బో రెక్కలు కూడా దెబ్బతిన్నాయని చెప్పారు. గాలి ఫిల్టరు ఎవరు చూసుకుంటారని అడిగారు. నేనే అన్నాను.

ఆ ఫిల్టరు తీసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. అతను దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. మడతల అడుగున తెల్లగా గట్టిపడి ఉంది. వేలితో నొక్కితే పటుక్కుమంది.

"సున్నం దులపకుండా నీళ్లు పోశావన్నా," అన్నాడు.

"దులిపానే."

"దులిపే ఉంటావ్. అప్పుడు నీకు కళ్లు ఆనతన్నాయా? నల్లగుడ్డ మీద తెల్లపొడి పడతందో లేదో కనపడిందా?"

కనపడలేదు. ఆ రోజుల్లో నల్లగుడ్డే నాకు బూడిదరంగులో కనిపించేది. నేను తలదించుకున్నాను. అంచు మీద పదకొండు చుక్కలు ఉన్నాయి. కొత్త కళ్లతో వాటిని స్పష్టంగా చూశాను. అతుకు గీత కోసం మాత్రం వెతకలేదు. వెతకాలని ఎందుకనిపిస్తుంది?

"పోనీలేన్నా. దీన్ని ఇంటికాడ దాచిపెట్టుకో, గుర్తుంటది," అని దాన్ని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది కూడా అతనే. ఇంజను బాగయ్యాక కంపెనీ కాగితం ఫిల్టరే వేయమన్నాడు. "నీకింక ఆ కడుగుడు వద్దు," అన్నాడు. ఆ గొంతులో నా మీద జాలి వినిపించింది.

ఉద్యోగం మానాక కూడా మా పత్రిక జిల్లా పేజీలో వారానికొకసారి నాకు కొంత చోటు ఇస్తున్నారు. ఆ వారం ఈ సంగతే రాశాను. కళ్లు సరిగా కనపడని రోజుల్లో పంతానికి పోయి నా ఫిల్టరు నేనే కడుక్కున్నానని, సున్నం దులపకుండా తడిపి మంచి ఇంజనును పాడుచేశానని, మీరెవరూ అలా చేయొద్దని. ఎవరి మీదైనా ఆరోపణ రాసే ముందు కనీసం ఇద్దరి నోట వినాలని కొత్త విలేకరులకు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి. ఆరోపణ నా మీదే కాబట్టి రెండో మనిషిని అడగలేదు.

ఆ వ్యాసం చాలామంది చదివారు. లారీవాళ్లు ఫోన్లు చేశారు. పిడుగురాళ్లలో ఒక బట్టీ యజమాని, "సున్నం సంగతి మాకు చెప్పి చెప్పి మీరే మునిగారేందండీ!" అని పగలబడి నవ్వాడు. మెకానిక్కు ఆ కాగితం ముక్క కత్తిరించి, ల్యామినేషను చేయించి, షెడ్డులో పానాలు తగిలించే బోర్డు పక్కన పెట్టాడు. వచ్చినవాళ్లకు చూపించేవాడు. నా ముందే ఒకసారి ఒకాయనకు చూపిస్తూ, "మా అన్న గొప్పోడు. తప్పు చేస్తే ఒప్పుకున్నాడు. ఎంతమంది ఒప్పుకుంటారు?" అన్నాడు. నాకు ఇబ్బందిగా అనిపించింది. కొంచెం సంతోషంగా కూడా అనిపించింది.

టీ కొట్టు దగ్గర్నుంచి ఇంటికి వచ్చి అట్టపెట్టె దించాను. అతుకు గీత లేదు. నూలు ముతక నేత, పైన పూసిన ఎర్ర రంగు గోటితో గీస్తే ఊడుతోంది. చూడటానికి అదే, పనికి కాదు. చుక్కల దగ్గర ఎక్కువసేపు ఆగాను. నావి అగ్గిపుల్లతో పెట్టినవి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మూడోది కారిపోయింది. ఇవి సన్న కుంచెతో పెట్టినవి. అన్నీ ఒకే సైజు. ఒకదానికొకటి ఒకే దూరం. ఎవరో తీరిగ్గా కూర్చుని, నా ఫిల్టరును పక్కన పెట్టుకుని, లెక్కచూసి పెట్టిన చుక్కలు అవి.

ఆదివారం దాకా ఆగాను. ప్రార్థన అయ్యాక వెళ్లాను. అతను బల్ల దగ్గర నిలబడి ఏదో నట్టు తీస్తున్నాడు. ఆ ఫిల్టరు తీసి బల్ల మీద పెట్టాను.

"ఏందన్నా, దీన్నింకా దాచావా?"

"రెండోదాన్ని కూడా చూసొచ్చా."

"ఏ రెండోది?"

"మీ పెద్దాయన కారులోది. గురజాల అవతల."

పాత గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వేళ్ల సందులు, గోళ్లు, మణికట్టు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"కూర్చో అన్నా."

"కూర్చోను. చెప్పు."

"నీ బండి ఇక్కడున్నప్పుడు ఒకరోజు ఆయన పొద్దున్నే వచ్చాడు. బండికి నూలు ఫిల్టరు పెట్టు, గనుల్లో తిరగాలన్నాడు. నాలుగు రోజుల్లో తెప్పిస్తానండీ అన్నా. 'నాలుగు రోజులేందిరా, ఆ పక్కన బండిదుందిగా, అది పీకి పెట్టు' అన్నాడు. పక్కన ఉంది నీ బండి. ఎవరిదో ఆయనకి తెలీదు. ఈ షెడ్డు కింద నేల ఆయనది, నీకూ తెలుసు."

తెలుసు. ఆ పెద్దాయన మూడు ఊళ్ల రాజకీయం నడిపే రైతు. ఒక రాయి ఆడించే మిల్లు కూడా ఉంది. ఆ మిల్లు దుమ్ము కల్లాల్లో ఆరబెట్టిన మిరపకాయల మీద పడుతోందని రెండుసార్లు రాసినవాణ్ణి నేను.

"నాకు ఒక్క ఫోను చేసి ఉండొచ్చుగా."

"చేస్తే? ఆయన బండికంటే ఇస్తానంటావా?"

"అనను."

"మరి? నువ్వు కాదంటే నేనాయన్ని కాదనాల. నాకంత గుండె యాడుందన్నా?"

లారీ యజమాని ఎదుట బ్రేకు బాగానే ఉందన్న గొంతు కోసం వెతికాను. అతను తల వంచుకుని మాట్లాడుతున్నాడు.

"కొత్తది రాంగానే మారుద్దామనుకున్నా. అప్పటిదాకా ఉంటదిలే అని చేతికందిన నాసిరకందొకటి నీ బండికి పెట్టా. కొత్తది వచ్చింది, ఆయన బండి దొరకలా. దాన్ని నీకన్నా పెడదామంటే పాతది యాడని అడుగుతావు. అట్టా అట్టా ఉండిపోయింది. ఈలోపు నీ బండి పొగ పట్టింది. ఇంక అప్పుడు ఎట్టా చెప్పాలో తెలీలా."

ఇంతవరకు నాకు అర్థమైంది. మా ప్రాంతంలో నేల ఎవరిదో వాళ్ల మాట నడుస్తుంది, దాన్ని గురించి బతుకంతా రాశాను. అతని చోట నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదు.

"ఆ చుక్కలెందుకు పెట్టావు?" అని అడిగాను.

అతను గుడ్డను మడిచి బల్ల అంచున పెట్టాడు.

"భయపడి మార్చావు. సరే. చెప్పలేకపోయావు. సరే. కూర్చుని పదకొండు చుక్కలు లెక్కపెట్టి ఎందుకు పెట్టావురా? దాని మీద సున్నం తడిపిందెవరు? నా చేత పేపర్లో ఎందుకు రాయించావు?"

"నేను రాయమన్లా అన్నా."

"వద్దనలేదుగా."

అతని భార్య వెనకనున్న ఇంట్లోంచి రెండు గ్లాసుల టీ తెచ్చింది. "నిలబడే ఉన్నారేంది అన్నయ్యా, ఇంట్లోకి రండి," అంది. మా ఇద్దరి ముఖాలూ చూసి గ్లాసులు బల్ల మీద పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. అప్పుడే ఒక లారీ వచ్చి ఆగింది. "ఉండన్నా, వస్తా," అని అతను దాని కిందికి దూరాడు. అరగంట పైనే నిలబడ్డాను. పానా చప్పుడు కొంతసేపు వినిపించి ఆగిపోయింది. లారీ కింద అతని కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, కదలకుండా. బోర్డు పక్కన నా వ్యాసం అలాగే ఉంది. దాన్ని తీసేయమని కూడా అడగలేదు. నేను వచ్చేశాను.

పత్రికలో తప్పు పడితే సవరణ వేయాలి. ఏది తప్పో, ఎలా జరిగిందో రెండు ముక్కల్లో చెప్పాలి. మూడుసార్లు రాసి చూశాను. పేరు రాయకపోయినా అది ఏ మెకానిక్కో పిడుగురాళ్లలో అందరికీ తెలుస్తుంది. తన కారులో ఉన్నది ఎవరి ఫిల్టరో పెద్దాయనకు తెలుస్తుంది. ఆ తర్వాత ఆ షెడ్డు అక్కడ ఎన్నాళ్లుంటుందో ఊహించడం కష్టం కాదు. రాయకపోతే నా పేరుతో అచ్చయిన అబద్ధం అలాగే నిలిచి ఉంటుంది. దాన్ని చదివి నన్ను మెచ్చుకున్నవాళ్లు ఇప్పటికీ రోడ్డు మీద ఆపి పలకరిస్తున్నారు.

పదిహేను రోజుల తర్వాత అతని భార్య ఫోను చేసింది. "ఏం జరిగిందన్నయ్యా? ఆయన సరిగ్గా తినట్లా. అడిగితే కసురుకుంటన్నాడు. ఆదివారం షెడ్డు కూడా తీయట్లా."

"ఆయన్నే అడుగమ్మా," అన్నాను.

"మీరొకసారి రావచ్చుగా."

చూస్తానమ్మా అని పెట్టేశాను. నిజంగానే చూద్దామనుకున్నాను. ఒక ఆదివారం పిడుగురాళ్ల దాకా వెళ్లి, ఊరి మొదట్లో పెట్రోలు బంకు దగ్గర తిరిగి వెనక్కి వచ్చాను. నాకు కావలసింది క్షమాపణ కాదు. ఆ కుంచె చేతపట్టుకున్నప్పుడు నా గురించి అతనేం అనుకున్నాడో ఒక్క మాట చెబితే చాలు. ఇరవయ్యేళ్లకు పైగా యంత్రాల గురించి అతను చెప్పినవన్నీ నేను రాసినవాటిలో ఉన్నాయి. ఇప్పుడు ఆ పాత కాగితాల బొత్తి తెరవాలంటే చేయి ముందుకు రావడం లేదు.

మూడు నెలలైంది. అతని దగ్గర్నుంచి ఫోను లేదు. సవరణ పంపలేదు. ఇప్పుడు నా కారులో ఉన్నది కాగితం ఫిల్టరు. మా దుమ్ములో దాన్ని ఐదువేల కిలోమీటర్లకే మార్చాలి. మొన్న మాచర్ల వెళ్లొచ్చేసరికి అది దాటి ఆరువందలైంది. బండి ఎవరి షెడ్డుకు తీసుకెళ్లాలో నేనింకా తేల్చుకోలేదు.